రచ్చబండ: వేపచెట్టు క్రింది హాజరు పట్టీ

ప్రతి నెలా చివరి పనిదినాన మన సంస్థలో ఒక సభ జరుగుతుంది. పదవీ విరమణ చేస్తున్న మిత్రులను వేదికపై వరుసగా కూర్చుండబెట్టి, పూలమాలలు వేసి, శాలువాలు కప్పి, చేతికొక గోడగడియారం అందజేస్తాము. ముప్పది, ముప్పదియైదు సంవత్సరాల సేవను ఐదేసి నిమిషాల ప్రసంగాలలో కొనియాడి, వారి శేషజీవితం సుఖశాంతులతో సాగాలని ఆకాంక్షిస్తాము. మిఠాయి, కారబ్బూందీ, కాఫీలతో సభ ముగుస్తుంది. ఆ మిత్రుని ఇంటివరకు సాగనంపి మనం తిరిగి వస్తాము. మరునాటి ఉదయం ఆయన నిద్ర లేచి ఏమి చేస్తారన్న ఆలోచన మాత్రం మనలో చాలామందికి రాదు. మాకూ రాలేదు.

వచ్చేటట్లు చేసినవారు టైం ఆఫీసు మిత్రుడొకరు. పేరు వ్రాయవద్దని వారు కోరారు గనుక వ్రాయడం లేదు. రాకపోకలు, సెలవులు, ఆలస్యాలు, ఓవర్‌టైములు – ముప్పదినాలుగు సంవత్సరాలపాటు వేలమంది హాజరు ఆయన చేతిమీదుగా నడిచింది. కార్డులు పోయి కంప్యూటరు వచ్చినా, ఎవరి సెలవు లెక్కయినా తేడా వస్తే చివరకు అందరూ ఆయన బల్ల దగ్గరకే వెళ్లేవారు. పదవీ విరమణ తరువాత, మన టౌన్‌షిప్ గోడకు ఆవల ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘం వారి కాలనీలో కట్టుకున్న సొంత ఇంటిలో స్థిరపడ్డారు. చక్కని ఇల్లు. పెరటిలో కరివేప, ముంగిట నందివర్ధనం. కర్మాగారం సైరను అక్కడికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

"సైరను రోజూ మ్రోగుతూనే ఉన్నదండీ. అయితే అది నా కోసం కాదు" అన్నారాయన ఒకనాడు మాతో.

మొదటి వారమంతా అలవాటు చొప్పున తెల్లవారుజామున అయిదింటికే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వరండాలో కూర్చున్నారట. రెండవ వారం నుండి గేటు దగ్గరి టీ బడ్డీ వద్దకు వచ్చి నిలబడసాగారు. పాత మిత్రులు మొదట సైకిలు దిగి పలకరించారు. తరువాత దిగకుండా పలకరించారు. ఆ తరువాత షిఫ్టుకు వేళవుతోందని తల ఊపి సాగిపోయారు. వారి తప్పు లేదు. గేటు లోపల యంత్రం ఎవరికోసమూ ఆగదు. నెల తిరిగేసరికి ఆయన అటు రావడం మానివేశారు. వారి శ్రీమతి ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "వంటింట్లో డబ్బాలకు కూడా హాజరు వేస్తున్నారు అన్నయ్యగారూ! పోపులడబ్బా ఒకచోట ఉండకపోతే సంజాయిషీ అడుగుతున్నారు" అన్నారు నవ్వుతూ. ఆ మాటలో సగం నవ్వయితే, మిగిలిన సగం మొర.

జీతంతో పాటు వచ్చినవి

ఉద్యోగం జీతమిస్తుందని అందరమూ ఎరుగుదుము. జీతపు చీటీలో కనబడని రాబడులు మరి మూడు ఉన్నాయి. మొదటిది, వేళ. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ రోజు ఆదివారమో చెప్పే చట్రమది. రెండవది, అవసరం. ఈ రోజు మనం వెళ్లకపోతే ఎక్కడో ఒక పని ఆగుతుందనే ఎరుక. మూడవది, తోడు. అది మనం ఏరి కోరి తెచ్చుకున్న తోడు కాదు. ప్రక్క బల్లవాడు, ఎదుటి యంత్రం వాడు, కాంటీనులో ఒకే బెంచీకి అలవాటుపడినవాడు – మనకు నచ్చినా నచ్చకపోయినా రోజూ ఎదురయ్యేవారే మన బలగమైనారు.

ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము – వీటి లెక్కలు సంవత్సరం ముందునుండే వేసుకుంటాము. ఈ మూడింటి లెక్క మాత్రం ఎవరూ వేయరు. పదవీ విరమణ నాటి సాయంకాలం మూడూ ఒకేసారి నిలిచిపోతాయి. వేళ పోయిన మనిషికి పగలు పెరుగుతుంది, అవసరం పోయిన మనిషికి విలువ తరుగుతుంది, తోడు పోయిన మనిషి ఒంటికాయ శొంఠికొమ్ములా మిగులుతాడు.

ఇది పదవీ విరమణ చేసినవారి బాధ మాత్రమే అనుకోనక్కరలేదు. భర్తకు బదిలీ అయిన ప్రతిసారీ ఇరుగుపొరుగును వదలుకొని, భాష తెలియని ఊరిలో కొత్తగా కాపురం పెట్టే గృహిణికి ఈ అనుభవం ఉద్యోగ జీవితం పొడవునా ఉన్నదే. బయటి ఊరి నుండి వచ్చి హాస్టలు గదిలో ఒంటరిగా ఉండే కొత్త ట్రైనీకి కూడా ఉన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పరచిన సామాజిక సంబంధాల కమిషన్ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. యువతరంలో కూడా ఆ బాధ తక్కువేమీ కాదని అదే నివేదిక చెబుతున్నది. వేలమంది నివసించే కాలనీలో ఒంటరితనమేమిటని ఆశ్చర్యపడవచ్చు. జనం ఉన్నంత మాత్రాన బలగం ఉన్నట్లు కాదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అందుకే ప్రతి ఊరిలోను ఇళ్లతో పాటు ఒక రచ్చబండ ఉండేది. రావిచెట్టో, వేపచెట్టో చూసి, దాని చుట్టూ రాళ్లు పేర్చిన అరుగు అది. అక్కడ తీర్పులూ జరిగేవి, పరాచికాలూ సాగేవి, పురాణ కాలక్షేపమూ నడిచేది. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఊరికి తెలిసేది. అరుగు ఎక్కే అర్హత అందరికీ సమానంగా లేదన్న చేదు నిజాన్ని కూడా ఇక్కడ మరువరాదు. మన టౌన్‌షిప్‌లు కట్టినవారు రోడ్లు, నీరు, విద్యుత్తు, బడి, ఆసుపత్రి అన్నీ ఇచ్చారు. రచ్చబండను మాత్రం ఎవరూ కట్టి ఇవ్వలేరు. దానిని కూర్చునేవారే తయారు చేసుకోవాలి. అట్లా తయారు చేసుకున్న కొందరి సంగతులు చూద్దాము.

డాబా మీద అప్పడాలు

1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలోని ఒక భవనం డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి ఎనభై రూపాయలు, అదీ అప్పు. మొదటి రోజున తయారైనవి నాలుగు ప్యాకెట్లు. వంటపని ముగిసి, పిల్లలు బడికి వెళ్లిన తరువాత మిగిలే వేళను ఏదో ఒక ఉపయోగానికి తేవాలన్నదే వారి కోరిక. వారికి పెద్ద చదువులు లేవు. చేతిలో ఉన్నదల్లా ప్రతి ఇంటి ఆడవారికీ వచ్చిన విద్యే. ఆ నాలుగు ప్యాకెట్లే శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్‌గా పెరిగి, నలభై వేలకు పైగా స్త్రీలకు ఉపాధి అయింది. అందులో పనిచేసే ప్రతి స్త్రీ యజమానురాలే. ఒకరినొకరు 'బెహన్' అని, అనగా సోదరి అని పిలుచుకుంటారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించింది.

కోటి విద్యలు కూటి కొరకే అంటారు. నిజమే. అయితే కూటి కొరకు చేసిన విద్య కూడా నలుగురు కలిసి చేసినప్పుడు కూటికి మించినదేదో తెచ్చిపెడుతుంది. ఒంటరిగా వంటింట్లో ఒత్తిన అప్పడం పని. డాబా మీద ఏడుగురు ఒత్తిన అప్పడం కూటమి. పిండి అదే, కర్ర అదే.

కాఫీ బల్ల

రెండవది ప్రభుత్వ రంగంలో పనిచేసే మనకు మరింత దగ్గరి కథ. దేశంలో కాఫీ వాడకాన్ని పెంచే ఉద్దేశంతో 1930లలో మొదలైన ఇండియా కాఫీ హౌసులు, తరువాత కాఫీ బోర్డు నిర్వహణలో ఎన్నో నగరాలకు విస్తరించాయి. 1950ల మధ్యలో బోర్డు వాటిని మూసివేయ నిశ్చయించింది. ఉద్యోగం పోయిన కార్మికులు, ఎ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి, కాఫీ హౌసులను తామే నడుపుకోవడానికి పూనుకున్నారు. 1957లో బెంగుళూరులో మొదటి సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో ఢిల్లీలోను, 1958లో త్రిశ్శూరులోను ఇండియన్ కాఫీ హౌసులు తెరుచుకున్నాయి. నిన్నటివరకు కప్పులు అందించినవారే సంస్థకు హక్కుదారులైనారు.

ఆ కాఫీ హౌసులలో అమ్ముడైనది కాఫీ ఒక్కటే కాదు. ఒక్క కప్పు తీసుకొని గంటల తరబడి కూర్చున్నా లేవమనేవారు లేకపోవడం అక్కడి అసలు సరుకు. కోల్‌కతా కాలేజీ వీధిలోని కాఫీ హౌస్‌లో విద్యార్థులు, రచయితలు, గుమాస్తాలు, నిరుద్యోగులు ఒకే కప్పు క్రింద కూర్చొని దశాబ్దాల తరబడి సాగించిన కబుర్లను బెంగాలీలు 'అడ్డా' అంటారు. అక్కడ చేరిన మిత్రబృందం కాలక్రమాన చెదిరిపోయిన తీరును మన్నా డే గారు ఒక పాటలో పాడారు. బెంగాలీ సహోద్యోగుల ఇళ్లలో ఆ పాట వినని వారుండరు. మిత్రులు తలొక దిక్కుకు వెళ్లినా బల్ల ఖాళీగా ఉండదు, కొత్తవారు వచ్చి కూర్చుంటారు. మనిషి కన్న బల్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుచేతనే బల్లను నిలబెట్టడం ముఖ్యం.

పడవలో పుస్తకం

"కాలక్షేపానికి కాలమేదండీ?" అని అడిగేవారికి మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమం ఒక చక్కని సమాధానం చెప్పింది. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు ప్రయాణాలన్నీ కాలువలలో పడవల మీదనే. గంటల తరబడి నత్తనడక. ఆ సమయమంతా కునికిపాట్లకూ, చుట్టలకూ పోవడం చూసి, పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ గ్రంథాలయాన్ని ఆరంభించారు. ప్రయాణికునికి పుస్తకం చేతికిస్తారు; దిగేటప్పుడు తిరిగి ఇవ్వాలి. చదువు వచ్చినవాడు పైకి చదివితే, రానివాడు వినవచ్చును. నాగభూషణం గారు ప్రజల దినచర్యలో కొత్తగా ఒక గంటను చేర్చలేదు. ఉన్న గంటలోకే పుస్తకాన్ని దింపారు.

ముంబయి లోకల్ రైళ్లలో రోజూ ఒకే పెట్టెలో ఎక్కే ఉద్యోగులు తాళాలు వాయిస్తూ భజనలు చేసుకుంటారని అక్కడ పనిచేసి వచ్చిన మిత్రులు చెప్పగా మీరూ వినే ఉంటారు. పడవ రైలయింది, పుస్తకం పాటయింది. కిటకిటలాడే ఆ పెట్టెలో ఒక్కరోజు కనబడని వానికోసం మరునాడు నలుగురు ఆరా తీస్తారు.

జోకులు అయిపోయిన తరువాత

ముంబయిలోనే 1995 మార్చి 13న మదన్ కటారియా అనే వైద్యుడు ఐదుగురితో ఒక ఉద్యానవనంలో నవ్వుల సంఘాన్ని ఆరంభించారు. రోజూ ఉదయం కలుసుకోవడం, ఒకరు జోకు చెప్పడం, అందరూ నవ్వడం. కొద్ది రోజులకే జోకులు అయిపోయాయి. మిగిలినవి వినదగినవి కావు, కొందరిని నొప్పించేవి కూడాను. సంఘం అక్కడే ముగియవలసినది. డాక్టరుగారు జోకులు మానివేసి, ఊరకే నవ్వడం మొదలుపెట్టించారు. ఒకరి ముఖం చూసి ఒకరు నవ్వగా కృత్రిమమైన నవ్వు అసలు నవ్వుగా మారింది. నేడు అటువంటి సంఘాలు ఎన్నో దేశాలలో ఉన్నాయి. చూసేవారికి వింతగా తోచవచ్చును. మేమూ మొదట ముక్కున వేలు వేసుకున్నవారమే. గమనించవలసినది, నవ్వడానికి వారికి కారణం అక్కరలేకపోయింది, తోడు మాత్రం కావలసి వచ్చింది.

ఈ నాలుగు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనబడుతుంది. వీరిలో ఎవరూ ఆనందాన్ని వెతుకుతూ బయలుదేరలేదు, నవ్వుల సంఘం వారు తప్ప. వారికి సైతం అది వెతికిన దారిలో దొరకలేదు. చేయవలసిన చిన్న పని ఒకటి, దానికొక నిర్ణీత వేళ, రోజూ కూర్చునే చోటు, వచ్చిన ప్రతివారికీ చేతికొక పని – ఇవి కుదిరిన చోటికి ఆనందం పిలవకుండానే వచ్చింది.

మా అనుభవం ఒకటి

ఇంత చెప్పిన మేము మా వైఫల్యాన్ని దాచుకోరాదు. కొంతకాలం క్రితం మన క్లబ్బులో మేము పదిమందిమి కలిసి ఒక పుస్తక పఠన గోష్ఠి పెట్టాము. మొదటి సమావేశంలో అధ్యక్షుని, ఇద్దరు ఉపాధ్యక్షులను, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకున్నాము. రెండవ సమావేశంలో నియమావళి వ్రాశాము. మూడవ సమావేశంలో ఉపాధ్యక్షులిద్దరిలో వేదికపై ఎవరు ఏ ప్రక్కన కూర్చోవాలన్నది చర్చకు వచ్చింది. నాల్గవదానికి కోరం లేదు. ఐదవది జరగలేదు. ఈ మధ్యలో ఎవరూ ఒక్క పుస్తకం కూడా తెరవలేదు. పుస్తకాలకోసం కొన్న బీరువాలో ఇప్పుడు క్యారమ్ బోర్డు పెడుతున్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నది. కాని లోపం ఎక్కడ ఉన్నదో కూడా చూడాలి. ఉద్యోగంలో ఉన్న హోదాలను సాయంకాలం చొక్కాతో పాటు విప్పలేకపోయాము. ఏ టైపు క్వార్టరులో ఉంటారు, ఏ గ్రేడు, ఏ ప్రాంతం – ఇవి మన పరిచయాలకు గిరిగీస్తున్నాయి. ముప్పది సంవత్సరాలు ఒకే విభాగంలో పనిచేసి, ఒకరి గడప ఒకరు తొక్కనివారు మనలో ఉన్నారు.

శ్రీలంకలో 1958లో ఎ.టి. అరియరత్నె అనే యువ ఉపాధ్యాయుడు కొలంబోలోని నాలందా కళాశాల విద్యార్థులను వెలివేయబడినవారు నివసించే ఒక కుగ్రామానికి తీసుకువెళ్లారు. పట్నపు పిల్లలు ఆ ఊరివారితో కలిసి బ్రతికారు, కలిసి పలుగూ పారా పట్టారు. అదే సర్వోదయ శ్రమదాన ఉద్యమమై వేలాది గ్రామాలకు వ్యాపించింది. 2024లో కన్నుమూసేవరకు అరియరత్నె గారు దానితోనే ఉన్నారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే కరగని తేడాలు ఒకే తట్టను ఇద్దరు చెరొకవైపు పట్టుకున్నప్పుడు కరుగుతాయన్నది ఆ ఉద్యమం నేర్పిన పాఠం. మా పఠన గోష్ఠిలో తట్ట లేదు, కుర్చీలు మాత్రమే ఉన్నాయి.

వేపచెట్టు క్రింద

ఇక టైం ఆఫీసు మిత్రుని దగ్గరకు వద్దాము.

వారి ప్రక్క ఇంటిలో ఫౌండ్రీలో పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకరు ఉండేవారు. భార్య గతించింది. కుమార్తె దూరపు నగరంలో. ఒక ఉదయం ఆయన గేటులో దినపత్రిక పడి ఉండడం మన మిత్రుడు చూశారు. మరునాడు రెండు పత్రికలు కనబడ్డాయి. కూతురి దగ్గరకు వెళ్లి ఉంటారులే అనుకున్నారు. మూడవనాడు పాలవాడు అనుమానించి పిలిచాడు. తలుపు పగులగొట్టి చూస్తే, ఆయన స్నానాల గదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, లేవలేక పడి ఉన్నారు. ప్రాణం దక్కింది. ఆసుపత్రికి తీసుకువెళుతుండగా ఆయన పదే పదే అన్న మాట ఒకటే: "పిలుస్తూనే ఉన్నాను."

ఆ రాత్రి మన మిత్రునికి నిద్ర లేదు. "ముప్పదినాలుగు సంవత్సరాలు ఎవరు రాలేదో కనిపెట్టడమే నా ఉద్యోగం. ప్రక్క ఇంటిలో రెండు రోజుల గైర్హాజరు నాకు కనబడలేదు" అన్నారు మాతో. ఆయన కంటతడి మేము చూడడం అదే మొదలు.

ఆ మరుసటి సోమవారం ఆయన ఒక పొడుగాటి పుస్తకం కొన్నారు. స్కేలు పెట్టి గళ్లు గీశారు. కాలనీ పార్కులో వేపచెట్టు క్రింద ఉన్న సిమెంటు బెంచీ మీద సరిగ్గా ఉదయం ఆరుగంటలకు కూర్చున్నారు. నడకకు వచ్చేవారిని పిలిచి, పేరు వ్రాసుకుంటానన్నారు. కొందరు నవ్వారు. "రిటైరయినా మమ్మల్ని వదలవా నాయనా?" అన్నవారూ ఉన్నారు. వారం తిరిగేసరికి తొమ్మిది పేర్లు చేరాయి. నియమాలు మూడే. వచ్చినవారి గడిలో 'హా' అని వ్రాస్తారు. ఊరికి వెళ్లేవారు ముందుగా చెప్పాలి; వారికి 'సె', అనగా సెలవు. చెప్పకుండా రానివారి గడిలో ఒక చుక్క పెడతారు. వరుసగా రెండు చుక్కలు పడితే ఇద్దరు వెళ్లి తలుపు తట్టాలి. అధ్యక్షుడు లేడు, కోశాధికారి లేడు. చందా రోజుకొకరు పోయించే టీ.

బెంచీ కుదిరిన తరువాత పనులు వాటంతట అవే వచ్చాయి. ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసినవారొకరు ఆదివారాలలో కాలనీ మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తున్నారు. పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవారొకరు తేలారు. పింఛను పొందేవారు ఏటా బ్యాంకుకు ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని సెల్‌ఫోనులో నింపడం రానివారికి ఒక ట్రైనీ కుర్రవాడు నేర్పుతున్నాడు. హాస్టలు నుండి ఆ కుర్రవాడు ప్రతి ఆదివారం వస్తాడు. ఎవరో ఒకరి ఇంట ఇడ్లీ తిని వెళతాడు. అతని పేరూ పట్టీలో ఉన్నది.

ఆడవారి మాట ఏమిటని పాఠక సోదరీమణులు అడుగవచ్చు. వారు అప్పుడే అడిగారు. "ఆరింటికి మీకు వేపచెట్టు, మాకు పాలపొయ్యి. ఈ పట్టీలో మాకు గడి ఎక్కడ?" అన్నారు మిత్రుని శ్రీమతి. పుస్తకం వెనుకవైపు తిప్పి సాయంకాలం నాలుగు గంటల పట్టీ మొదలైంది. దానికి ఆమెయే టైం ఆఫీసరు. అక్కడ వడియాల పిండీ కలుస్తుంది, వారపత్రికల కథలూ చదవబడతాయి. ఒడియా సోదరి ఒకరు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. వంటింటి డబ్బాలకు ఇప్పుడు హాజరు వేసేవారు లేరట.

గత శీతకాలంలో ఒకరి గడిలో రెండు చుక్కలు పడ్డాయి. ఇద్దరు వెళ్లి తలుపు తట్టారు. ఆ మిత్రునికి జబ్బేమీ లేదు. భార్య పోయి సంవత్సరం నిండిన రోజులవి. తలుపు తీయబుద్ధి కాక కూర్చున్నారు. వచ్చినవారిని చూసి, "నేను రాలేదని కనిపెట్టారా?" అని మాత్రం అడిగారు. ఓదార్పు మాటలు ఎవరికీ తెలియలేదు. ముగ్గురూ కాసేపు కూర్చుని, కాఫీ కలుపుకొని త్రాగారు. మరునాడు ఆయన గడిలో 'హా' పడింది.

ప్రియ పాఠకులారా! జీవితానికి అర్థమేమిటన్న పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పే పాండిత్యం మాకు లేదు. మనం రాకపోతే కనిపెట్టేవారు ఒకచోట ఉండడం, ఎవరు రాలేదో మనం కనిపెట్టే చోటు ఒకటి ఉండడం – ఈ రెండూ ఉన్న మనిషికి ఆ ప్రశ్న అంతగా బాధించదని మాత్రం వేపచెట్టు క్రింద మాకు తెలిసింది. దానికి పదవీ విరమణ వరకు ఆగనవసరం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటె, సర్వీసు ఇంకా ఉండగానే మీ వీధిలో, మీ అంతస్తులో, మీ షిఫ్టు బస్సులో ఒక చిన్న బల్ల వేసుకోవచ్చు. మీ చుట్టుప్రక్కల అటువంటి రచ్చబండ ఇప్పటికే ఉన్నట్లయితే దాని వివరాలు మాకు వ్రాయండి. ఈ శీర్షికలో సంతోషంగా ప్రకటిస్తాము. క్లబ్బులోని ఆ బీరువా విషయం మేము చూసుకుంటాము. ఈసారి పుస్తకంతోనే మొదలుపెడతాము.

పట్టీలో ఇప్పుడు నలభైరెండు పేర్లున్నాయి. మొదటి వరుసలో ఉన్నది ఫౌండ్రీ పెద్దమనిషి పేరు. ఆయన ఒక్కనాడూ ఆ బెంచీ మీద కూర్చోలేదు. కుమార్తె ఇంట చేతికర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నారట. అయినా ప్రతి ఉదయం ఆరుగంటలకు మన మిత్రుడు మొదట ఆ గడిలోనే కలం పెట్టి, 'సె' అని వ్రాస్తారు. నెలకొకసారి ఆయన ఫోను చేసి, సెలవు పొడిగించమని కోరుతూ ఉంటారు.